మొద్దుబారిన చెంప

"గీత పడని పలక ఉందా?"

"ఉంది. తడిపి చూసుకోవాల."

కోడ్ కలిసింది. మార్కాపురం బజారులోని ఆ పలకల దుకాణం యజమాని ఇంకేమీ అడగకుండా లేచి వెనక గోడౌను తలుపు తీశాడు. కొంగు ఎడమ చెంప మీదికి లాక్కుని శ్రీశైలమ్మ లోపలికి నడిచింది. చూసినవాళ్లకు రాచర్ల పక్క నుంచి గొర్రెలు అమ్మడానికి వచ్చిన మనిషిలా ఉంటుంది. పుట్టింది నిజంగానే కాపరుల ఇంట్లో. కానీ ఢిల్లీలో ఓ ఇనప బీరువాలో ఆమెకు ఇంకో పేరుంది. ఏజెంట్ పలక.

లోపల పలకల దొంతర మీద చీఫ్ బ్రహ్మం కూర్చుని ఉన్నాడు. కొత్త రాష్ట్రం, కొత్త డిపార్ట్‌మెంటు, ఆయనకు ఆఫీసంటూ లేదు. కాగితం మీద ఏదీ రాయడు. ఒళ్లో పలక మీద బలపంతో రాస్తాడు, చూపిస్తాడు, తడిగుడ్డతో తుడిచేస్తాడు.

మొదట రాసింది: బొగద.

రైలు కోసం కొండను తొలిచిన దారిని ఆ పక్క బొగద అంటారు. గిద్దలూరు దాటి నల్లమల ఎక్కే బండి దానిలోంచే పోవాలి. సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజులవి. మందుగుండు బండి ఒకటి ఆ దారిన రాబోతోంది. దాన్ని బొగదలోనే పేల్చేయాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

తర్వాత రాసింది: యల్లయ్య.

యల్లయ్య బొగద దగ్గర రైల్వే వాచ్‌మన్. ఎలుగుబంటి అతని ఎడమ చెంప చీల్చేసింది. అట్లాంటి ముఖాలను ఉచితంగా బాగుచేస్తానని డాక్టర్ హెల్మర్ అనే పరదేశి గిద్దలూరు అవతల శిబిరం పెట్టాడు. యల్లయ్య అందులో చేరి, కట్లతో ఇంటికొచ్చి, కట్లు విప్పి డ్యూటీలో చేరాడు. ఆ వారమే అతని పెళ్లాం కోటమ్మ ఠాణాకు పోయి, ఇంటికొచ్చినవాడు తన మొగుడు కాడని చెప్పింది. అక్కడ అందరూ నవ్వారు. కోసి కుట్టిన ముఖం మారకుండా ఉంటుందా అన్నారు.

"ఆ నవ్వు నా చెవిన పడింది," అన్నాడు బ్రహ్మం. "నాకు నవ్వు రాలేదు."

"ఆమెకు అట్ల ఎందుకనిపించిందో ఎవరన్నా అడిగినారా సార్?"

"అడగలేదు."

శ్రీశైలమ్మ కుడి చెంప ఎర్రబడింది. ఎడమ చెంప ఎర్రబడదు. చిన్నతనంలో ఆమె చెంపా ఎలుగు పంజాకే పోయింది. మద్రాసు డాక్టర్లు తొడ చర్మం తెచ్చి అక్కడ కుట్టారు. కోపమొచ్చినా సిగ్గేసినా ఆ పక్క ఒకే రంగు. గూఢచారికి అది మంచిదేనని బ్రహ్మం ఒకసారి సరదాగా అన్నాడు. రెండోసారి అనలేదు.

"తొందరపడి పట్టుకోకు," అన్నాడు. "తప్పు మనిషిని పట్టుకుంటే నకిలీవాడు తప్పించుకుంటాడు. నకిలీవాడినే పట్టుకున్నా, ఆ సంగతి డాక్టరుకు తెలిస్తే అసలు యల్లయ్య బతకడు. ముందు ఖాయం చేసుకో. శిబిరంలో కృపావరం అని నర్సు ఉంది. డబుల్ ఏజెంట్. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువో నాకు తెలియదు."

ఒక వక్కాకు డబ్బా చేతిలో పెట్టాడు. మూత తిప్పితే ట్రాన్స్‌మిటర్. పలక తుడిచేశాడు.

ఆమె ముందు కోటమ్మ దగ్గరికి పోయింది, చుట్టాన్నని చెప్పుకొని. వాచ్‌మన్ క్వార్టర్సు ముందు కోటమ్మ రోట్లో ఎండుమిరపకాయలు దంచుతోంది. రోకలి పడే తీరులోనే ఆ మనిషి కోపం తెలిసిపోయింది. ఠాణాలో ఎవరూ అడగనిది శ్రీశైలమ్మ అడిగింది. ఎట్లా తెలిసింది అని.

"ఎలుగు చీల్చినప్పటి నుంచి మా ఆయన ఆ చెంప నాకు కనబడనిచ్చేవాడు కాదక్కా. తినేటప్పుడు గోడ పక్కకు తిప్పుకొని కూసునేవాడు. పండుకున్నా అట్లనే. వీడు ఏ పక్క పడితే ఆ పక్క కూసుంటాడు." రోకలి ఆపింది. "అది చెప్తే, ముఖం బాగైంది, సిగ్గు పోయింది పో అంటారు. నా మొగుడు నాకు తెలియడా? నాకేమీ వద్దు. ఆయన్ను బతికుండంగ తెచ్చియ్యి."

వచ్చినవాడు మాట్లాడడట. కుట్లు ఊడతాయని డాక్టరు వద్దన్నాడట. ఏది అడిగినా తల ఊపుతాడు. డ్యూటీ అని బొగద దగ్గరే పడుకుంటాడు. ఏ తేడా కనబడినా జవాబు ఒకటే, ఆపరేషన్. ఎంత చక్కటి మారువేషమో చూడండి. ముఖం అచ్చంగా రాకపోయినా పరవాలేదు. బాగుచేసిన ముఖం వేరుగానే ఉంటుందని లోకమే సమాధానం చెప్పుకుంటుంది.

అక్కడి నుంచి శ్రీశైలమ్మ రోగిగా శిబిరంలో చేరింది. ఆ శిబిరం తలుచుకుంటే నోరు చేదవుతుంది. బయట తెల్ల సున్నం, గన్నేరు పూలు. పెద్దమనుషులు వచ్చి హెల్మర్‌కు దండలు వేసి గేటు దగ్గర నుంచే వెళ్లిపోయేవారు. లోపల వరండా నిండా కాపరులు, కట్టెలు కొట్టేవాళ్లు. అద్దం ఒక్కటి లేదు. రోగులు దిగులు పడతారని తీయించాడట. మార్కాపురం పక్కవాళ్లకు అద్దం దేనికి? దిండు కింద నుంచి పలక తీసి, తడిపి, వెలుతురుకు ఓరగా పట్టుకునేవారు. నల్లటి నీళ్లలో తేలినట్టు ముఖం తేలేది. చూసుకుని, తుడిచి, మళ్లీ దాచుకునేవారు.

రాచర్ల పాపయ్యకు కంటి రెప్ప మూతపడదు. పడుకునేటప్పుడు తడిగుడ్డ కప్పుకుంటాడు. ఆదిలక్ష్మమ్మకు పెదవి ఓ పక్కకు గుంజి కుట్టారు. సంకటి ముద్ద పెట్టుకుంటే జారిపోతుంది, జారిన సంగతి ఆమెకు తెలియదు. బాగానే ఉన్న కుట్టును కూడా విప్పి మళ్లీ కుట్టాడు ఆ డాక్టరు. వాడికి కావలసింది ఆమె పెదవి కాదు, వాడి చేతికి పనితనం. ఇంకొకడి ముఖం తయారు చేయడానికి ఈ ముఖాల మీద రాసి నేర్చుకున్నాడు, తప్పు వస్తే తుడుచుకున్నాడు.

"చెంపకు తెలివి లేదు, గిల్లినా తెలీదు దొరా అంటే, రెండు దినాల్లో వస్తాది పో అన్నాడు," అంది ఆదిలక్ష్మమ్మ. "దసరా పోయింది, రాలేదు. మళ్లీ అడిగితే నోరు మూసుకోమన్నాడు. మూసుకుందామన్నా మూతపడదు గదమ్మా."

పాపయ్య నవ్వాడు, సగం ముఖంతో.

మధ్యాహ్నమైతే ఈగలు ముసిరేవి. రోగులు ఎదురెదురుగా కూర్చుని, వేప రెమ్మలతో ఒకరి ముఖం మీది ఈగలు ఒకరు తోలేవారు. ఎవరి చెంప మీద వాలినా వాళ్లకు తెలియదు మరి. శ్రీశైలమ్మ కూడా ఓ రెమ్మ పట్టుకుని ఆదిలక్ష్మమ్మ ఎదుట కూర్చుంది. ఆదిలక్ష్మమ్మ ఏమీ అడగకుండానే ఆమె ఎడమ చెంప మీదికి రెమ్మ విసిరింది.

అప్పుడొచ్చింది కృపావరం. ఎత్తు మడమల జోళ్లు, గంజి పెట్టిన తెల్ల గౌను, పత్రికల అట్ట మీద బొమ్మలాంటి ముక్కు.

"గీత పడని పలక ఉందా?" శ్రీశైలమ్మ గొంతు తగ్గించింది.

"ఈడ పలకలు ఉండకూడదు," అని కృపావరం వెళ్లిపోయింది.

తెల్లవారి శ్రీశైలమ్మను ఆపరేషన్ బల్లకు పట్టీలతో బిగించారు. హెల్మర్ వక్కాకు డబ్బాను బూటు కింద నలిపాడు. అతని తెలుగు పుస్తకంలో అచ్చు వేసినట్టుంటుంది.

"ఏజెంట్ పలక. మీ ముఖమును ఎవరో తొందరపడి కుట్టినారు. సాయంత్రము తీరికగా విప్పి చూచెదను. అంతవరకు నిద్రించండి."

కృపావరం సూది పొడిచింది. డాక్టరు బయటికి పోయాడు. శ్రీశైలమ్మ మత్తు కోసం చూసింది. మత్తు రాలేదు.

"నీళ్లే పొడిచినా," అంది కృపావరం, పట్టీలు వదులు చేస్తూ. "విను. బండి ఈ దినమే, మధ్యాహ్నం. కట్లు కట్టిన ముఖాలు రెండు చూసినాను. ఒకడు బొగద దగ్గరికి పోయినాడు, ఇంకొకడిని డాక్టరు అడివిలో దాచినాడు. ఎవడు ఎవడో నాకూ చెప్పలేదు. బొగద పేలిన శబ్దం వినబడితే ఆ రెండోవాడి దగ్గరికి పోతాడు, చంపడానికో, తీసుకపోవడానికో. జీపు తోలేది నేను."

"నిన్నెట్ల నమ్మాల?"

కృపావరం తన అందమైన ముక్కు మీద వేలు పెట్టింది. "ఇది ఆయన చేసిందే. ఫోటోలో బాగుంటాది. ఊపిరి ఆడదు. చెప్తే నవ్వినాడు."

శ్రీశైలమ్మకు ఆ మాట చాలు. కిటికీ దూకింది. కట్టెల లారీ పట్టుకుని కొండెక్కి, మొగుడికంటూ అన్నం, కారం గంపలో మోసుకుపోతున్న కోటమ్మను దారిలో కలిసింది.

బొగద ముందు కొనకనమిట్ల వాడైన హవల్దారు అబ్రహాము తుపాకీతో కాపలా ఉన్నాడు. వాచ్‌మన్‌ను పక్కన పెట్టమని శ్రీశైలమ్మ చెవిలో చెప్పింది. అబ్రహాము మర్యాదగానే నవ్వాడు. "ఆయనకు డాక్టరు కాగితం ఉందక్కా. నీకేం కాగితం ఉంది?" అన్నాడు. గూఢచారికి కాగితం ఎక్కడిది?

వాచ్‌మన్ గంప ముందు కూర్చుని సీతాఫలం విప్పాడు. పక్కనే చేతి లాంతరు, జెండాలు. ఎడమ చెంప నిండా కుట్ల గీతలు. పండు రసం మూతి నిండా పూసుకుంది. ఈగలు వచ్చాయి. దూరాన కొండ మలుపులో బండి కూత వినబడింది.

"అక్కా, నీ చెంప మీద ఈగ," అన్నాడు అబ్రహాము. చేత్తో తోలాడు.

శ్రీశైలమ్మకు తెలియలేదు. ఎప్పుడూ తెలియదు. ఆ ఈగ లేచి, తిరిగి, వాచ్‌మన్ కుట్ల చెంప మీద వాలింది. అతను నములుతూనే, చూడకుండానే, టక్కున చెయ్యి విదిలించాడు. మళ్లీ వాలింది. మళ్లీ విదిలించాడు.

వరండాలోని వేప రెమ్మలన్నీ ఆమె కళ్ల ముందు ఆడాయి. కోసి, వేరే చర్మం తెచ్చి కుట్టిన చెంప కాదది. పైపైన గీతలు గీసిన, బతికున్న చెంప.

"అన్నా, నీ చెంపకు భలే తెలివుందే," అంది.

ఎక్కడ దొరికిపోయాడో వాడికి అర్థం కాలేదు, దొరికిపోయాడని మాత్రం అర్థమైంది. చెయ్యి లాంతరు అడుగున స్విచ్ మీదికి పోయింది. అంతకంటే ముందే కోటమ్మ చెయ్యి గంపలోని కారం మీదికి పోయింది. ఠాణా నవ్వులన్నిటినీ కలిపి ఆ గుప్పెడు వాడి కళ్లలో కొట్టింది. ఇన్ని రోజులు మాట్లాడనివాడు అప్పుడు నోరు తెరిచి అరిచాడు. అది తెలుగు కాదు. ఈ దేశపు భాషే కాదు. అబ్రహాము తుపాకీ మడమ వాడి భుజం మీద పడింది.

శ్రీశైలమ్మ ఎర్ర జెండా లాక్కుని పట్టాల మధ్య ఎదురు పరుగెత్తింది. ఇంజను కీచుమంటూ వచ్చి, ఆమె జెండాకు ఆవిరి తగిలేంత దగ్గర ఆగింది. బొగద నోరు ఆమె వెనకే ఉంది.

బండిలోంచి దిగిన మేజరు, బొగద లోపల అమర్చిన మందుగుండును తీసి నిర్వీర్యం చేస్తామన్నాడు.

"పేల్చండి సార్," అంది ఆమె. "అవతలి లోయలో పేల్చండి. శబ్దం వినబడకపోతే డాక్టరు కదలడు. ఆయన కదలకపోతే ఈమె మొగుడు దొరకడు."

లోయ దద్దరిల్లింది. ఆ తర్వాత కోటమ్మ బొగద గోడకు ఆనుకుని దారి వైపు చూస్తూ నిలబడిపోయింది. కృపావరం ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో తేలవలసింది ఇప్పుడే.

పొద్దు వాలక ముందే జీపు వచ్చింది. డాక్టరు చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి ఉన్నాయి. అడవిలో పాకలోకి రివాల్వరు పట్టుకుని పోయాడట, వెనక నుంచి అతని మెడ మీద కృపావరం రివాల్వరు ఆనిందట. వెనక సీటులోంచి తలకు కట్లున్న మనిషి దిగాడు. దిగీదిగగానే ఎడమ పక్క కోటమ్మకు కనబడకుండా కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

కోటమ్మ చుట్టూ తిరిగి పోయి ఆ చెంప మీద అరచెయ్యి పెట్టింది.

"తెలుస్తాందా?"

"ఏంది?"

"నా చెయ్యి."

"ఏడ పెట్టినావు?"

కోటమ్మ ఏడ్చింది. "ఈయనే," అంది ఏడుస్తూనే, హవల్దారును, మేజరును, కనబడిన ప్రతి మగవాణ్ణీ కొట్టేట్టు చూస్తూ. "ఈయనే మా ఆయన. నేను అప్పుడే చెప్పినా."

హెల్మర్ శ్రీశైలమ్మను అడిగాడు. "ఆ ముఖమున ఏ లోపమును లేదు. ఎట్లు కనుగొన్నారు?"

"నీ దగ్గర ముఖం కుట్టించుకున్నోళ్లందరికీ తెలుసు. ఎట్లుందమ్మా అని ఒక్కరినన్నా అడిగుంటే నీకూ తెలిసేది."

అతను ఇంకేదో అనబోయాడు. సీతాఫలం తొక్కల మీది ఈగ ఒకటి లేచి వచ్చి అతని ముక్కు కొసన వాలింది. అతనికి బాగా తెలిసింది. తోలుకోవడానికి చేతులే లేవు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరి దగ్గరా, పాపం, వేప రెమ్మ కూడా లేదు.