తల కింద రాత

"జువేనా! చినుకులే! తాడు మీద బట్టలున్నాయన్నావుగా?"

పిలిచింది నేస్తం పిలి. ఆగలేదు జువేనా. పిలి వాళ్ళ అరుగు మీద తాడాట మంచి జోరులో ఉంది. ఒక తాడు మీద గంతులేస్తుంటే ఇంకో తాడు గుర్తొస్తుందా?

"ఇంకొక్క గంతు!" అంది జువేనా.

ఒక్క గంతు చాలా గంతులైంది. నాలుగు చినుకులు జడివానైంది. వాన రాకడ, ప్రాణం పోకడ చెప్పి రావంటారు. సముద్రతీరాన మా టాంగా ఊళ్ళో మార్చి దాటాక వాన చెప్పే వస్తుంది, రోజూ వస్తుంది. వినేవాళ్ళుండాలి, అంతే.

జువేనా ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి తాడు తెగిపోయి ఉంది. పొద్దున్న అమ్మ ఉతికి, నీలం పెట్టి ఆరేసిన తెల్లటి దిండు గలీబులన్నీ ఎర్రమట్టిలో బోర్లా పడి ఉన్నాయి. గలీబులు కాస్తా గలీజులయ్యాయి.

బజారుకి వెళ్తూ అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మబ్బు పడితే గలీబులు లోపలికి తే. అదనపు దిండుకి ఒకటి తొడుగు. ఇవాళ కొండల మీంచి బస్సులో మనిషొస్తున్నాడు."

వాళ్ళ ముందు గదిని రోజుల లెక్కన అద్దెకిస్తారు. ఫోన్‌లో బుక్ చేసుకుని వస్తారు. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళు తక్కువ. పెద్దాసుపత్రిలో తమవాళ్ళని చేర్చి వచ్చేవాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళు ముందు అడిగేది ఇంకో దిండు. గదిలో దిండ్లు గది దాటకూడదు. ఆస్పత్రికి వెళ్ళేది అదనపు దిండు. తిరిగొచ్చాక దాని గలీబుని అమ్మ మరిగే నీళ్ళలో ఉతుకుతుంది.

"అదనపు దిండు అదనుకి అందాలే" అనేది అమ్మ. "లేకపోతే అది దిండు కాదు, దండగ!"

మట్టి గలీబుల్ని జువేనా బకెట్లో కుక్కుతుండగానే వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తడిసిన కోటుతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"అమ్మాయీ, నా పేరు కిహియో. మా మేనల్లుడు ఫోన్‌లో గది మాట్లాడాడు. ఇదేనా?"

"ఇదే, బాబూ. లోపలికి రండి."

మా తీరంలో తాతని బాబు అంటాం, నానమ్మని బీబీ అంటాం. ఎన్నేళ్ళొచ్చినా ఇక్కడ బాబు బాబే.

కిహియో తాత మంచం వంక కూడా చూడలేదు. "ఇంకో దిండు కావాలి తల్లీ. మా ఆవిడకి. ఆస్పత్రిలో ఒకటిచ్చారు, చపాతీలా ఉంది. వెల్లకిలా పడుకుంటే తనకి ఊపిరాడదు. వీపు వెనక ఎత్తుగా పెట్టాలి. నన్ను లోపలికి రానిచ్చే టైము దాటిపోతోంది."

బూరుగు దూది దిండు బీరువా మీద ఉంది. గలీబు లేదు. పాత మరకలున్న ఆ దిండుని అలాగే ఇస్తే అమ్మకి తెలుస్తుంది. తడిసినవి చూపిస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

"ఒక్క నిమిషం, బాబూ! రెడీగానే ఉంది!"

జువేనా అమ్మ పెట్టె తెరిచింది. అడుగున పొడి గలీబు ఒకటి దొరికింది. అంచుల నిండా ఎర్రదారం పువ్వులు, మధ్యలో ఎర్రదారం అక్షరాలు. దిండుకి తొడిగేసింది. పువ్వులు చూసింది. అక్షరాలూ చూసింది. పుస్తకం ఇస్తే గడగడా చదివే పిల్ల, తలగడని మాత్రం చదవలేదు.

"అబ్బ, ఎంత బాగుందో!" అన్నాడు కిహియో తాత. "మా ఎలినామికి పువ్వులంటే ప్రాణం." దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

చీకటి పడబోతుండగా తిరిగొచ్చాడు. అమ్మ వంటింట్లో ఉంది. జువేనా అరుగు మీద ఉంది. ఆయన ఆమె పక్కనే కూలబడి సంచిలోంచి దిండు తీశాడు.

"అమ్మాయీ, నాకు చదవడం రాదు. దీని మీద ఏం రాసుందో చెప్తావా?"

"ఏమైంది, బాబూ?"

"ఎలినామి చర్చిలో పుస్తకం చూసి పాడే మనిషి. దిండు వీపు వెనక పెట్టబోతుంటే ఆగమంది. దీన్ని చదివింది. ఏమీ అనలేదు. గోడవైపు తిరిగిపోయింది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. దిండు వద్దంది."

జువేనా అప్పుడు చదివింది. మనసులో.

"పోయేవాళ్ళని పోనీ. హాయిగా నిద్రపో."

ఆమె చెవులు వేడెక్కాయి. వాన చప్పుడు కూడా వినిపించలేదు.

"ఏముంది తల్లీ?"

"శుభరాత్రి" అంది జువేనా. "శుభరాత్రి అని ఉంది, బాబూ."

కిహియో తాత ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు. "శుభరాత్రి ఇంత పొడుగుంటుందా?"

జువేనా కాలి బొటనవేలితో అరుగు గీకింది.

"శుభరాత్రి అంటే ఎవరైనా గోడవైపు తిరుగుతారా? లేదులే. కోపం నా మీదే. ఆస్పత్రి వద్దంది, ఇంట్లోనే ఉంటానంది. నేనే బలవంతాన తీసుకొచ్చాను." ఆయన తన పెద్ద పెద్ద చేతుల వంక చూసుకున్నాడు. "రేపు పొద్దున్న బస్సుకి ఇంటికి తీసుకుపోతా. ఈ గోడని చూస్తూ పోవడం కంటే మా కొండని చూస్తూ పోవడం మేలు."

"మరి మందులు, బాబూ? డాక్టరు?"

"ఉండమన్నాడు డాక్టరు. ఉండాల్సింది ఆవిడగా!" అని లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. దిండు అరుగు మీదే ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మ కొబ్బరిపాల అన్నం పెట్టింది. జువేనా దాన్ని కెలుకుతూ కూర్చుంది.

"ఏమే, అన్నంతో తగువా?" అంది అమ్మ. "లేక నాతోనా?"

జువేనా చెప్పేసింది. తాడాట, తెగిన తాడు, బకెట్లో దాచిన గలీబులు, పెట్టె, పువ్వులు, శుభరాత్రి. అన్నీ ఒక్క గుక్కలో.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. జువేనా తిట్లకి తల వంచుకుని కూర్చుంది. తిట్లు రాలేదు.

"పెట్టె అడుగున ఉన్నదా?" అంది అమ్మ చివరికి. "అది కుట్టింది నేనే."

పక్కింట్లో ఉండిన మ్వానహిజాతో కుళాయి దగ్గర తగువైనప్పుడు కుట్టింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు నోటితో అనలేనిది గుడ్డ మీద అంటారు. మ్వానహిజా ఇల్లు ఖాళీ చేసి పోతుంటే, ఆవిడ గుమ్మానికి ఎదురుగా అమ్మ ఆ గలీబుని ఆరేసింది కూడా. ఊరొదిలి పోయేవాళ్ళ కోసం కుట్టిన మాట అది. ఇవాళ ఊపిరందని మనిషి దగ్గరికి వెళ్ళింది. కుట్టడం సూది పని అనుకుంటాం గానీ, మాట కుట్టినట్టు సూది కుట్టదు.

"ఆయనకి చెప్పాలమ్మా."

"చెప్పు. నేనూ వస్తాను పద."

కిహియో తాత మూట కట్టుకుంటున్నాడు. జువేనా ఎదురుగా నిలబడి ఎర్ర అక్షరాలు పైకి చదివింది. ఈసారి గడగడా కాదు. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివింది.

ఆయన మూట ముడి వదిలేశాడు.

"నాకు కళ్ళున్నా చదువు లేదు" అన్నాడు. "నీకు రెండూ ఉన్నాయి కదే తల్లీ."

జువేనా ఏడుపు ఆపుకోలేకపోయింది.

"తప్పు నాదీ ఉంది, మామా" అంది అమ్మ. "మాట కుట్టిన చెయ్యి నాది."

"సరే. కానీ నాకు చెప్పి ఏం లాభం? చదివింది తను."

"నేనొచ్చి చెప్తాను, బాబూ" అంది జువేనా. "బస్సెక్కకండి. ముందు నన్ను తీసుకెళ్ళండి."

పొద్దున్నే జువేనా మట్టి గలీబుల్ని సబ్బు పెట్టి రుద్దింది, ఉడకేసింది, మళ్ళీ రుద్దింది. ఎండ లేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె నిప్పులతో నింపి, ఒక గలీబు మీద ఆవిరి పోయేదాకా రుద్దింది. చెయ్యి చుర్రుమన్నా అమ్మని పిలవలేదు. గలీబు పొడిగా అయింది. మూలన మట్టి మరక మాత్రం లేత ఎర్రగా మిగిలిపోయింది.

వార్డు పొడుగ్గా, చీకటిగా ఉంది. రేకుల మీద వాన పడుతోంది. చివరి మంచం మీద ఎలినామి బీబీ చపాతీ దిండుకి ఆనుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి.

దారంతా జువేనా బట్టీ పట్టిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"బీబీ" అంది ఆ వీపుతో. "బాబుకి చదవడం రాదు."

"తెలుసు" అంది గోడవైపు నుంచి గొంతు. "పెళ్ళయినప్పట్నుంచీ తెలుసు." ఊపిరి తీసుకుంది. "ఎవరిచేతనైనా చదివించుకుని... తెచ్చాడనుకున్నా. వెళ్ళిపొమ్మని... నోటితో చెప్పలేక."

కిహియో తాత నోరు తెరిచాడు. జువేనాయే ముందు అందుకుంది.

"లేదు, బీబీ! నేనే ఇచ్చాను. చదవకుండా ఇచ్చాను. మంచి గలీబులు నా ఆటలో మట్టిలో పడిపోయాయి. అమ్మకి తెలియకూడదని అది తొడిగాను. బాబు అడిగితే శుభరాత్రి అని అబద్ధం చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా మిమ్మల్ని అనలేదు. పువ్వులున్నాయని తెచ్చారు."

వార్డులో ఎవరో దగ్గారు. గోడవైపు నుంచి గొంతు మళ్ళీ వినిపించింది.

"ఇప్పుడు తెచ్చిన దాని మీద... ఏం రాసుంది?"

జువేనా దిండుని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఏం లేదు, బీబీ. ఖాళీ. మూలన మట్టి మరకుంది. ఎంత రుద్దినా పోలేదు."

"ఖాళీయే మేలు" అంది బీబీ. "తలకి రాసేవాడు... ఎలాగూ రాస్తాడు."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. సగంలో ఊపిరి చాలక ఆగితే కిహియో తాత భుజాలు పట్టి తిప్పాడు. ముఖం ముఖానికి ఎదురుగా వచ్చింది.

"బస్సు ఎప్పుడు?" అంది ఆయన్ని చూస్తూ.

"ఇవాళ కాదు" అన్నాడు.

జువేనా దిండుని వీపు వెనక పెట్టింది. దూది దిండు, ఇనుప మంచం. జారిపోతోంది. మంచం తలవైపుకి వెళ్ళి రెండు చేతులతో ఆపింది. బీబీ వీపు బరువుగా ఆనింది. ఒక ఊపిరి వచ్చి జువేనా చేతుల్ని వెనక్కి నెట్టింది. వెళ్ళిపోయింది. జువేనా ఎదురుచూసింది. మళ్ళీ వచ్చింది.

చేతులు లాగుతున్నా ఆమె వదల్లేదు.