అంచుశుద్ధి

"కదలకండి," అంది సలోమి.

ఎదురుగా కూర్చున్న కుటుంబం ఊపిరి బిగబట్టింది. స్టాండు మీది కెమెరా కన్ను ఒక్కసారి మూసి తెరిచింది. ఆమె చేతిలోని పలక మీద బొమ్మ తేలింది. తేలుతూనే తనను తాను దిద్దుకుంది. తాతగారి మూసిన కళ్లు తెరుచుకున్నాయి. చంటిపిల్ల ముక్కు శుభ్రపడింది. కిటికీలోంచి తొంగిచూస్తున్న టీకొట్టు మనిషి మాయమై అక్కడ గోడ వచ్చింది. పలక మూలన ఆకుపచ్చ చుక్క వెలిగింది. కుటుంబముద్ర పడిపోయింది.

"అయిపోయిందండీ. మళ్లీ ఏడాది దాకా మీ గుమ్మాలకి ఢోకా లేదు."

చీరాలలో అది ముద్రల మాసం. ప్రతి కుటుంబమూ ఏడాదికోసారి వచ్చి చిత్రం దిగాలి. ఆ చిత్రంలో ఉన్న ముఖాలకే ఇంటి తలుపైనా, బస్సు తలుపైనా, ఆస్పత్రి తలుపైనా తెరుచుకునేది. లేని ముఖం ఎన్నిసార్లు వెళ్లి నిలబడినా ఏ గుమ్మమూ పలకరించదు.

ఫొటోగ్రాఫరు ఉద్యోగమంటే ఇప్పుడు మనుషుల్ని కుర్చీల్లో సర్దడం, గడ్డం కాస్త పైకెత్తమనడం, అంతే. మిగతా విద్యంతా పలకది. సలోమికి అందులో బాధేమీ లేదు. ఇదే స్టూడియోలో ఆమె తండ్రి పెళ్లి ఫొటోల్లోకి దూరిన దారినపోయేవాళ్లని చెరిపీ చెరిపీ కళ్లు పాడుచేసుకున్నాడు. ఆ చాకిరీని పలక అంచుశుద్ధి పేరుతో రెప్పపాటులో చేసి పెడుతోంది. ఎవరొచ్చినా ఆ సంగతి చెప్పి మురిసిపోవడం ఆమెకి అలవాటు.

తర్వాత వచ్చింది నేత సొసైటీలో పనిచేసే వీరనారాయణ. వెంట భార్య ఇందుమతి, కూతురు లాస్య. వాళ్ల వెనక, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు తటపటాయిస్తూ వీరనారాయణ అక్క రాజ్యలక్ష్మి. అందరూ ఆమెని రాజ్యం అంటారు. భర్త పోయి కొన్ని నెలలైంది. తమ్ముడి ఇంటికి వచ్చేసింది.

"మా అక్క ముద్ర బావతో దిగినప్పటిది. అది ఇవాళ్టితో సరి. ఎల్లుండే డయాలసిస్. ఎలాగైనా ఇవాళ పడిపోవాలండీ," అన్నాడు వీరనారాయణ.

"దానికేముందండీ, కూర్చునేలోపు పడిపోతుంది," అంది సలోమి.

వీరనారాయణ నడిమి కుర్చీలో కూర్చున్నాడు. అది ఇంటిపెద్ద కుర్చీ. ఇంట్లో ఎవరెవరున్నారో పలకకి చెప్పే మాట అందులో కూర్చున్నవారిదే. ఇందుమతి అతని పక్కన, లాస్య వెనక సర్దుకున్నారు. రాజ్యం మాత్రం మూరెడు దూరం జరిగి, చేతులు కొంగులో దాచుకుని ఓ చివర నిలబడింది.

"కాస్త దగ్గరికి రండమ్మా."

"ఇక్కడ చాల్లేమ్మా. పిల్లకి సంబంధాలు చూస్తన్నారు. మధ్యలో నేనెందుకు?" అంది రాజ్యం. ఆ మాట అనడంలో నొచ్చుకోవడం కూడా లేదు. ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఇందుమతి తలొంచుకుంది తప్ప రమ్మనలేదు.

కెమెరా రెప్పవేసింది. పలక మీద ముగ్గురు తేలారు.

సలోమి తల ఎత్తి చూసింది. ఎదురుగా నలుగురున్నారు. మళ్లీ పలక చూసింది. రాజ్యం నిలబడిన చోట వెనక తెర నున్నగా, మడత కూడా లేకుండా ఉంది.

"అంచున ఉన్న అపరిచిత వ్యక్తి తొలగించబడింది. ముద్రకు సిద్ధం," అంది పలక.

"ఆగు! ముద్ర వేయొద్దు. ఆవిడ వీళ్ల మనిషే!"

"కుటుంబ సభ్యురాలి లక్షణాలు లేవు. ఎవరినీ తాకి లేదు. నడిమికి దూరం. నగలు లేవు."

వీరనారాయణ కంగారుగా లేచి వచ్చాడు. "ఆవిడ మా అక్కే!" అన్నాడు పలకతో. ఇందుమతి తొంగిచూసి "అయ్యో రామా" అంటూ వెళ్లి రాజ్యం భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు తియ్యండమ్మా."

మళ్లీ తీసింది. బొమ్మలో ఇందుమతి చెయ్యి గాలిలో వేలాడుతోంది. వేళ్లు దేన్నో గట్టిగా పట్టుకున్నాయి, పట్టుకున్నచోట ఏమీ లేదు. లాస్య కెవ్వుమంది.

"ఒకసారి తొలగించిన ముఖం ఇంటిపెద్ద చెప్పినా తిరిగి పరిగణించబడదు," అంది పలక.

"ఇదంతా నీకెవరు నేర్పారు?" అని అడిగింది సలోమి.

"ఈ ప్రాంతపు శుభకార్యాల చిత్రాలు. ఈ విధంగా నిలబడిన స్త్రీలను ఛాయాచిత్రకారులు పక్కకు పంపారు, లేదా చిత్రం నుంచి కత్తిరించారు. కుటుంబాల కోరికపైనే."

సలోమి వెనక తెరవైపు తిరిగింది. ఇదే గదిలో, ఇదే తెర ముందు, "అమ్మా, మీరు కాస్త పక్కకి" అనే మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విందో. మర్యాదగానే అనేవారు. ఆ అమ్మలూ మర్యాదగానే జరిగేవారు. దిద్దేవాళ్లు కత్తిరించేవారు. పలక కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. నేర్పింది నేర్చుకుంది, అంతే. మరి ఈ నెలంతా? తలలు లెక్కపెట్టాలని తనకి ఒక్కసారైనా తోచలేదే! చుక్క వెలిగితే చాలు, తర్వాతివాళ్లని పిలిచింది.

"ఒక్క దారి ఉంది," అంది చివరికి. "నడిమి కుర్చీ జోలికి పలక పోదు. ఆవిడ అందులో కూర్చోవాలి. కానీ కూర్చుంటే ఇంటిపెద్ద ఆవిడే అవుతారు. ఇల్లు, సంతకాలు, అన్నీ."

"వద్దు, వద్దు," అంది రాజ్యం. "తమ్ముడి కుర్చీలో నేను కూర్చోడమేంటి? చూసినోళ్లు ఏమనుకుంటారు? నా సంగతి దేవుడు చూసుకుంటాడు."

"దేవుడు చూస్తాడు గానీ ఆస్పత్రి గుమ్మం చూడదు వదినా," అంది ఇందుమతి. ఆమెకి ఏడుపొచ్చేసింది. రాజ్యం రెండు భుజాలూ పట్టుకుని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టింది. లాస్య తన మెడలోని గొలుసు తీసి అత్త మెడలో వేసింది. వీరనారాయణ మారు మాట్లాడకుండా వెళ్లి అక్క నిలబడిన చోటే నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కెమెరా రెప్పవేసింది. రాజ్యం ఉంది. నడిమి కుర్చీలో, బెదురు కళ్లతో, నిక్షేపంలా ఉంది. ఇందుమతి ఉంది, లాస్య ఉంది. వీరనారాయణ లేడు.

అతను పలక చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు, అవతలివైపు ఎక్కడైనా దాక్కున్నాడేమోనన్నట్టు. "నేను... నేనెక్కడ?" అన్నాడు. ఆ గొంతులో అంతవరకూ లేని భయం వినపడింది.

"తుడిచేశావా? మా తమ్ముణ్ణి తుడిచేశావా?" రాజ్యం కుర్చీలోంచే అరిచింది. ఆ మనిషికి అంత గొంతు ఉందని ఇంట్లోవాళ్లకే తెలియదు. "ఇంటిపెద్దని నేనేగా! నా మాట వింటావుగా! ఎవర్నీ తుడవొద్దు. ఎవరింట్లోనూ తుడవొద్దు!"

పలక బదులిచ్చింది.

"ఇంటిపెద్ద ఆదేశం నమోదైంది. అంచుశుద్ధిని ఆపడానికి చిత్రశాల నిర్వాహకురాలి వేలిముద్ర అవసరం. ఆపినట్లయితే ఇక్కడ తీసిన చిత్రాలన్నీ అసలు రూపంలో తిరిగి తెరుచుకుంటాయి. వాటి ముద్రలు నిలిచిపోతాయి. మీ అనుమతిపత్రం రద్దు కావచ్చు."

ముద్రలు నిలిచిపోవడమంటే ఊళ్లో సగం గుమ్మాలు మూసుకుపోవడం. రేపటినుంచి తనకి ఈ స్టూడియో ఉండకపోవడం. సలోమికి భయం వేసింది. చాలా భయం వేసింది. రాజ్యం వైపు చూసి పలక మీద బొటనవేలు నొక్కింది.

బొమ్మలు ఒకదాని మీద ఒకటి తెరుచుకోసాగాయి. ఒక్కో బొమ్మ అంచున ఒక్కో ఆడమనిషి తేలింది. బూడిదరంగు చీర. గోడకి ఆనుకున్న చెయ్యి. చంకలో పిల్లతో ఇరవయ్యేళ్లయినా నిండని ఒకమ్మాయి. ఆ పిల్ల కూడా ఇప్పుడే తేలింది. సలోమి చూడలేక చూపు తిప్పుకుంది. తిప్పుకున్నా ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి.

బయట బజారులో గుమ్మాలు ఒక్కసారిగా కీచుమన్నాయి. మనుషుల కేకలు మొదలయ్యాయి. మొన్న ముద్ర వేయించుకువెళ్లిన ఒకతను రొప్పుతూ లోపలికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మా షాపు తలుపు నన్నే రానివ్వట్లేదు!"

సలోమి అతని బొమ్మ వెతికి పలక అతనివైపు తిప్పింది. "చివరనున్న ఈవిడ ఎవరండీ?"

"మా పిన్ని. ఏం?"

"మొన్నటి ముద్రలో ఈవిడ పడలేదు. ఇప్పుడెక్కడున్నారు?"

"ఇక్కణ్ణుంచి వెళ్లాక ఇంటికి రాలేదండీ. కూతురింటికి పోయిందనుకున్నాం. ఎప్పుడూ చెప్పకుండానే పోతది..." అతను మాట మధ్యలో ఆగిపోయాడు. "అక్కడి గుమ్మం మాత్రం ఎలా రానిస్తదండీ?"

నడిమి కుర్చీలోంచి రాజ్యం లేచి నిలబడింది.

"చూస్తా నిలబడతారేంటి?" అంది. "పదండి, వెతుకుదాం."