వెనక నుంచి తీసిన ఫోటోలు

క్లౌడ్ నిండిపోయిందని ఆదివారం పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అతనికి నమ్మబుద్ధి కాలేదు. కళ్లద్దాల షాపులో ఫ్రేములకు సరిపడా లెన్సులు అరగదీయడం అతని పని. ఇంటికొచ్చాక కాసేపు గేమ్ ఆడతాడు. నచ్చిన చోట బటన్ నొక్కి స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు. అవి వాటంతటవే క్లౌడ్‌లోకి ఎక్కిపోతాయి. వారానికి రెండో మూడో. వాటితో క్లౌడ్ నిండడమేమిటి?

పనికిరానివి తీసేద్దామని కాఫీ తెచ్చుకుని కూర్చున్నాడు. మొదట తను తీసినవే వచ్చాయి: సముద్రం, పడవ, మబ్బులు. ఆ తర్వాతది తను తీసింది కాదు.

అందులో వాన పడుతోంది. దూరంగా లైట్‌హౌస్, దాని ముందు పిట్టగోడ. గోడ దగ్గర బూడిద రంగు కోటు వేసుకున్న మనిషి సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఫోటో వెనక నుంచి తీసింది. ఆ కోటు ఎక్కడ చూశానా అని ఆలోచించాడు. గుర్తు రాగానే కాఫీ పక్కన పెట్టేశాడు. గేమ్‌లో అది తను ఎంచుకున్న కోటే. ఆ మనిషి తనే.

ఆ గేమ్‌లో అన్నీ ఆడేవాడి కళ్లలోంచే కనిపిస్తాయి. తన చేతులు తనకు కనిపిస్తాయి గానీ, తన వీపు ఎప్పటికీ కనిపించదు. మూడేళ్లుగా ఆడుతున్నా తన వీపు ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాడు.

కిందికి జరుపుతూ పోయాడు. మూడు వందల పైచిలుకు ఫోటోలు. దాదాపు అన్నింటిలోనూ అదే గోడ, అదే వీపు. అన్నింటి కిందా సాయంత్రం ఐదు దాటిన టైమే ఉంది. రోజూ ఐదింటికి అతను గేమ్ ఆపకుండానే కంట్రోలర్ సోఫాలో పడేసి లోపలి గదిలోకి వెళతాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన అమ్మ చేత ఎక్సర్‌సైజులు చేయించాలి. ఆ అరగంటా గేమ్‌లో అతని బొమ్మ ఒంటరిగా నిలబడి ఉంటుంది.

ఒంటరిగా అనుకున్నాడు ఇన్నాళ్లూ.

మూడు నెలల కిందటి ఫోటోలు అవతలి ఒడ్డు నుంచి తీసినవి. నెల తర్వాతవి మెట్ల దగ్గర నుంచి. పోయిన వారానివి పది అడుగుల దూరం నుంచి. మొన్నటి దాంట్లో కోటు మీద కుట్లు లెక్కపెట్టొచ్చు. నిన్నటిది ముందు నుంచి తీసింది. అందులో అతని ముఖం ఉంది, కళ్లు మూసుకుని. కంట్రోలర్ వదిలేస్తే బొమ్మ కళ్లు మూసుకుంటుందని అతనికి ఆ రోజు దాకా తెలియదు.

పాస్‌వర్డ్ మార్చేస్తే గొడవ వదిలేది. కానీ మార్చేస్తే అది ఎవరో ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచనే వేలు కదలనివ్వలేదు.

అమ్మకు చూపించాడు. ఆవిడ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఒక్కొక్కటీ తీరిగ్గా చూసింది. మాట ఇంకా కాస్త ముద్దగానే వస్తోంది, అయినా చమత్కారం పోలేదు.

"ఎవరో గానీ, రోజుకో అడుగు ధైర్యం తెచ్చుకుంటున్నార్రా" అంది. ఇవాళ ఎక్సర్‌సైజు ఆరింటికి చేస్తాననీ, ఐదింటికి వెళ్లి ఆ వచ్చేదెవరో చూడమనీ చెప్పింది.

ఐదింటికి టీవీ ముందు కూర్చున్నాడు. కంట్రోలర్ ఒళ్లో ఉంది, వేళ్లు దాని మీద లేవు. తెర మీద వాన సన్నగా కురుస్తోంది. ఐదూ పదికి స్పీకర్లలోంచి గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మెట్లెక్కింది. దగ్గరికొచ్చింది. సరిగ్గా వెనక ఆగింది. తన వెనక ఇంటి గోడే ఉందని తెలిసినా అతని మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఒక్కసారిగా బొమ్మ తల తిప్పాడు.

పసుపు రంగు రెయిన్‌కోటులో ఒక అమ్మాయి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. రెండు క్షణాలు ఇద్దరూ కదల్లేదు. ఆ తర్వాత అమ్మాయి ఉన్న చోట వాన మాత్రమే ఉంది. పక్కన ఫోన్ టింగుమంది. క్లౌడ్‌లోకి కొత్త ఫోటో వచ్చింది. అందులో అతని ముఖం, కళ్లు తెరుచుకుని.

ఆ మర్నాటి నుంచి ఫోటోలు రాలేదు. రోజూ ఐదూ పదికి ఫోన్ చూసుకునేవాడు. తనను భయపెట్టింది పోయిందని సంతోషించాలి నిజానికి. లెన్సులు తప్పుగా అరగదీసి యజమాని చేత చీవాట్లు తిన్నాడు. ఎవరో తన వెనక లేకపోవడం ఇంత వెలితిగా ఉంటుందని అతనికి తెలియదు.

ఐదో రోజు, మూడు నెలల కిందట తన గేమ్ బాక్స్ బాగుచేయించాకే ఆ ఫోటోలు మొదలయ్యాయని తట్టి, రిపేరు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. మాస్టారు అతని ఫోన్‌లో క్లౌడ్ తెరిచి చూసి నాలిక కరుచుకున్నాడు. ఒకే రోజు రెండు బాక్సులు బల్ల మీద ఉన్నాయట. అతని క్లౌడ్ లాగిన్ పొరపాటున రెండో దాంట్లో పెట్టి టెస్ట్ చేసి, తీయడం మర్చిపోయాడట. అందుకే ఆ బాక్సులో తీసే ఫోటోలన్నీ ఇతని క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయట. ఊళ్లో వాళ్లందరినీ ఒకే దీవిలో దింపే ఆ గేమ్‌ని రెండో బాక్సులో ఎక్కించిందీ ఆయనే. ఆ బాక్సు గల మనిషికి అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

అరగంటలో ఆమె వచ్చింది. ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేలాడుతోంది, చెవి పక్కన హెడ్‌ఫోన్ వత్తుకున్న గుర్తు. గుమ్మంలోనే ఆగి అతన్ని ఎగాదిగా చూసింది.

"తల తిప్పింది మీరేనా?"

"వెనక నిలబడింది మీరేనా?"

"దడుసుకుని చచ్చాను. మూడు నెలలు కదలని మనిషి ఉన్నట్టుండి కళ్లు తెరిచి చూస్తే ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

"నా వీపు నాకే ఫోటోల్లో వస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

మాస్టారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

కోపం చల్లారాక ఆమె చెప్పింది. అంబులెన్స్ కాల్ సెంటర్లో ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. ఒకరోజు ఎవరో అడ్రస్ చెబుతూ చెబుతూ మాట ఆపేశారు. ఆ మనిషి ఏమయ్యారో తెలియలేదు. మర్నాడు గేమ్‌లో అతను గోడ అంచున కదలకుండా నిలబడి దూరం నుంచి కనిపించాడు. కేకేస్తే పలకలేదు.

"లైన్లో మాట ఆగిపోతే మేం ఫోన్ పెట్టెయ్యం. అవతల మనిషి ఉన్నారని తెలిసేదాకా వింటూనే ఉంటాం" అంది, బల్ల మీది స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ దొర్లిస్తూ. "అందుకే రోజూ వచ్చాను. ఫోటో తీసి నిన్నటి దానితో పోల్చి చూసుకునేదాన్ని, కాస్తయినా కదిలారేమోనని."

అతను అమ్మ సంగతి చెప్పాడు. ఆమె తలవంచుకుని విన్నది.

మాస్టారు వచ్చి ఫోన్ ఇచ్చాడు. ఆమె బాక్సు పేరు పక్కన రిమూవ్ నొక్కితే సరిపోతుందన్నాడు. అతని బొటనవేలు తెర మీద ఆగిపోయింది.

"నొక్కండి" అంది ఆమె.

"నొక్కితే ఇంక ఫోటోలు రావు."

"పాతవి మాత్రం తీసెయ్యకండి. అవి నావి."

"ఐదింటికి నేను ఉండేది ఆ గోడ దగ్గర కాదండీ, అమ్మ మంచం పక్కన. ఉన్నానో లేదో చూడాలంటే అక్కడికే రావాలి."

ఆమె బ్యాగులోంచి పెన్ను తీసింది.

"అడ్రస్ చెప్పండి. పక్కన గుర్తులతో సహా."

అతను చెప్పాడు. ఆమె రాసుకుంది. అప్పుడు తనే వంగి రిమూవ్ నొక్కింది.

శనివారం సరిగ్గా ఐదింటికి బెల్ మోగింది. ముందుగదిలో గేమ్ అలాగే నడుస్తోంది. లోపలికి వస్తూ ఆమె టీవీ వైపు చూసి ఆగింది. వానలో కళ్లు మూసుకుని నిలబడ్డ బూడిద రంగు కోటు ముఖాన్ని, పక్కనే నిలబడి నవ్వుతున్న అతని ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఒక్క క్షణం అతని మణికట్టు పట్టుకుంది, నాడి చూస్తున్నట్టు. ఆ తర్వాత కూడా వదల్లేదు.

అమ్మ మంచం మీంచే అంతా చూసింది. కూర్చోమంది. ఉద్యోగం గురించి, ఇంట్లో వాళ్ల గురించి అడిగింది. అండీ అండీ అంటూ ఆమె ఒద్దికగా జవాబులు చెప్పింది.

"కళ్లు మూసుకుని నిలబడ్డవాడి దగ్గరికి రోజూ వచ్చావటగా. భయం వెయ్యలేదామ్మా?"

"వేసిందండీ."

"మరి ఇప్పుడో?"

ఆమె అతని వైపు చూసింది. అతను అమ్మ కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటిగా తెరుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఇప్పుడు కూడా వేస్తోంది అత్తయ్యా."