ఆయన వంతు

మిట్టమధ్యాహ్నం ఇల్లు మళ్లీ అడిగింది. "వీరరాఘవ గారు వస్తారా?"

హైమావతి గోడవైపు నుంచి మొహం తిప్పుకుంది. కిందటి వేసవిలో గాలిమరల మరమ్మతుకని వెళ్లిన ఆమె భర్త దుమ్ముతుఫానులో చిక్కుకున్నాడు. వెతికినవాళ్లకు ఆయన టోపీ మాత్రమే దొరికింది. ఆనాటి నుంచి ఇంటిది రోజూ ఇదే ప్రశ్న.

రెంటచింతలలో ఇప్పుడు ఎవరింట్లోనూ ఏసీ లేదు. చలువగోడలు రాత్రి చల్లదనాన్ని పీల్చి దాచుకుని, పగలు మనిషికింత అని వంతువేసి వదులుతాయి. బయటికి వెళ్లే మనిషి "వెళ్లొస్తా" అంటే చాలు, ఎండనపడి తిరిగొచ్చేదాకా ఆ వంతు గోడలో భద్రంగా ఉంటుంది. దాన్ని ముందే విడిపించాలంటే, ఆ మాట ఎవరితో చెప్పి వెళ్లారో వాళ్లే "ఇక రారు" అనాలి. ఇళ్లు కట్టినవాళ్లకు ఇది సబబుగానే తోచింది. ఎంతైనా రెండు ముక్కలే కదా అనుకున్నారు.

ఈ ఏడాది రాత్రులు కూడా చల్లబడటం మానేశాయి. పురిటికి వచ్చిన చెల్లెలు రాజ్యం, ఒళ్లో పసిదానికి చెంగుతో విసురుతోంది. హైమావతి తన వంతు ఎప్పుడో ఆ బిడ్డకు ఇచ్చేసింది. అదీ చాలడం లేదు. పొద్దు వాలేదాకా ఆసుపత్రి బండి రాదు.

"ఇందాకటిదాకా ఏడ్చింది అక్కా. ఇప్పుడు ఏడవడం కూడా లేదు," అంది రాజ్యం.

"ఇక రారు" అనమని మాత్రం ఆమె అక్కను అడగలేదు. అడిగితే హైమావతి కోపం తెచ్చుకుని అయినా బయటపడేది.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లింది. "ఆయన వంతు నిండుకుంది," అంది మెల్లగా. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే తప్ప, లేవు అని ఆమె నోట ఏనాడూ రాలేదు.

"అవునండి, నిండుగానే ఉంది. వారు రాగానే వదులుతాను," అంది ఇల్లు మర్యాదగా.

పసిదాని చెయ్యి ఒళ్లోంచి జారి వేలాడింది.

"రారు," అంది హైమావతి. "విన్నావా? ఆయన ఇక రారు."

గోడలోంచి చల్లగాలి ఒక్కసారిగా వచ్చింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. రాజ్యం కూడా ఏడ్చింది. ఆ గాలి మొహానికి తగిలి హైమావతికి ప్రాణం లేచొచ్చింది. అంత హాయిగా ఉన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరిగేసరికి పాప కోలుకుంది. హైమావతి మళ్లీ పనికి బయలుదేరింది. గడప దగ్గర ఆగి, చెల్లెల్ని చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం కమిలిపోయి వచ్చేసరికి ఆమె గది పొయ్యిలా ఉంది. ఆ మాట వినని ఇల్లు ఆమె వంతు దాచలేదు.

రాజ్యం నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఒక్క మాట చెప్పి వెళ్తే ఏం పోయిందక్కా?"

"చెప్తే, ఎప్పుడో ఒకరోజు నువ్వు రెండో మాట అనాల్సొస్తుందే."

వేసవి చివర్న రాజ్యం అత్తవారింటికి బయలుదేరింది. గడప దాటి, పాపను భుజాన వేసుకుని, అక్క చెయ్యి చాలాసేపు పట్టుకుంది. ఏమీ అనకుండానే బండెక్కింది.