దుప్పటి నాలుగో మూల

బందరులో నేను ఆయాగా చేసిన నర్సింగ్ హోము పేరు చెప్పను. చెబితే మా డాక్టరు పూర్ణచంద్రరావు గారు నొచ్చుకుంటారు. నొచ్చుకుంటే మూడు రోజులు రౌండ్సుకు రారు. మామూలు రోజుల్లో వస్తారని కాదు. ఇక వార్డు బాయ్ రాంబాబుకి యాభై రెండేళ్లు. ఆ బాయ్‌కి మనవరాలు కూడా ఉంది.

2003 డిసెంబరులో పమిడిముక్కల నుంచి లక్ష్మీకాంతం గారిని తీసుకొచ్చారు. పక్షవాతం, ఎడమవైపు పడిపోయింది. భారీ మనిషి. మా తూకం మిషను నూట ఇరవైతో ఆగిపోతే డాక్టరు గారు, "రైసు మిల్లు కాటా మీద తూయించండి" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. ఆ రోజు నుంచి మంచినీళ్లు మానేసింది. తాగితే బెడ్‌పాన్ అడగాలి. అడిగితే నలుగురు రావాలి. నలుగురూ నవ్వుతారు.

అది కనిపెట్టింది కొత్త నర్సు షీబా.

"పిన్నీ, ఆవిడ పెదాలు ఎలా బీటలు వారాయో చూశారా? మీ హాస్యం కొంచెం తగ్గించండి."

"నా హాస్యం తీసేస్తే ఈ ఆస్పత్రిలో ఇంకేం మందుంది తల్లీ?" అన్నాను.

షీబా నవ్వలేదు. మంచం పక్కనే కూర్చుని, ఆవిడకి చెంచాతో నీళ్లు పట్టింది. ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద ఎర్ర మచ్చ కనిపించింది. రూపాయి బిళ్లంత.

"ఇది చిట్లిందంటే పుండు ఎముక దాకా పోతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లాగితే చర్మం ఊడొస్తుంది, అందుకని కింద దుప్పటి వేసి ఎత్తి తిప్పాలి. నాలుగు మూలలకీ నలుగురం."

మంచం పక్క గోడకి చార్టు అంటించింది. తిప్పిన ప్రతిసారీ అందులో టిక్కు పెట్టాలి.

ఆ చార్టు చూసి నా నోరు మూతపడింది. మా వీధిలో ఎవరూ నమ్మరు.

అదే ఏడు ఎండాకాలంలో ఆ మంచం మీదే అప్పయ్య ఉండేవాడు. పాలకాయతిప్ప వైపు నుంచి వచ్చిన పెళ్లిళ్ల వంటవాడు. అతనిదీ అంత శరీరమే. చేతులు ఎంత కడిగినా ఇంగువ వాసన పోయేది కాదు. "ఒక్కసారి పక్కకి తిప్పమ్మా, మంటగా ఉంది" అనేవాడు. "నిన్ను తిప్పాలంటే క్రేను రావాలి బాబాయ్" అనేదాన్ని. తిప్పకుండానే చార్టులో టిక్కు పెట్టేదాన్ని. నడుం కింద పుండు ముదిరి అతను పోయాక డాక్టరు గారు చార్టు చూసి, సేవలో లోపం లేదని రాశారు. ఊళ్లో అందరి గుట్లూ నా నోట్లోనే ఉంటాయి. ఇదొక్కటే నోరు దాటలేదు.

తుఫాను వచ్చిన రోజు మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. బస్సులు ఆగిపోయాయి. నాలుగో మూల పట్టుకునే వాచ్‌మన్ రాలేదు. నాలుగింటికి షీబా, రాంబాబు, నేను ముగ్గురమే ప్రయత్నించాం. వదిలేసిన మూల దగ్గర దుప్పటి జారింది. నడుం పరుపు మీద ఈడ్చుకుపోయింది. ఆవిడ కేక పెట్టింది. ఆపేశాం.

ఆరయ్యేసరికి కరెంటు లేదు. జనరేటరులో డీజిల్ లేదు. కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి. బయట వాన చప్పుడు వెనక ఇంకేదో బరువైన చప్పుడు, సముద్రమే దగ్గరికి జరిగినట్టు. వార్డంతా ఫినాయిలూ తడి గోడల వాసన. ఎమర్జెన్సీ లైటు వెలుతురు మంచంలో సగం దాకానే వస్తోంది. నాలుగో మూల చీకట్లో ఉంది.

"ఇంకో రెండు గంటలు ఇలాగే ఉంచితే మచ్చ చిట్లుతుంది" అంది షీబా. "నా వైపు రెండు మూలలూ నేనే పట్టుకుంటాను. లాగొద్దు."

"ఒకటి..." రాంబాబు లెక్కపెట్టాడు.

షీబాకి రెండో మూల అందలేదు.

"రెండు..."

ఆగమని అరుద్దామనుకున్నాను. అప్పటికే ఎత్తేశాం.

నాలుగో మూల కూడా లేచింది.

దుప్పటి బిగువుగా ఉంది. ఎక్కడా ముడత లేదు. మా చేతుల మీద అంత తేలికగా ఆ మనిషి ఎప్పుడూ లేదు.

"వాచ్‌మన్ వచ్చాడా?" రాంబాబు గుసగుసగా అడిగాడు.



ఫినాయిలు వాసనలోంచి... ఇంగువ.

"దించండి... మెల్లగా... ప్రభువా..." అంది షీబా.

దించాం. ఆవిడ కుడి పక్కకి ఒత్తిగిలింది. వీపు వెనక తలగడ దానంతట అదే సర్దుకుంది. నేను నేల మీద కూలబడ్డాను.

"నొప్పెట్టలేదమ్మా" అంది లక్ష్మీకాంతం గారు, కళ్లు మూసుకునే. "ఆయన చేతులు చల్లగా ఉన్నాయి."

"ఎవరివండీ?" అన్నాను.

"నాలుగో ఆయనవి. నీ గురించే అడుగుతున్నాడు గంగాదేవీ."

"...ఏమని?"

"రాత్రిళ్లు నిన్నెవరు తిప్పుతారని."

ఎనిమిదింటికి షీబాకి అప్పయ్య సంగతంతా చెప్పేశాను. తిట్టలేదు. పెన్ను నా చేతిలో పెట్టి, "ఇక నుంచి తిప్పాకే పెట్టండి పిన్నీ" అంది. మచ్చ చిట్లలేదు. నెల్లాళ్లకి లక్ష్మీకాంతం గారు షీబా భుజం పట్టుకుని గేటు దాకా నడిచి, కారెక్కింది. నేను మాత్రం ఆ తర్వాత ఆరేళ్లు, ఒక్క టిక్కు కూడా అబద్ధం పెట్టకుండా, ఎందరినో తిప్పాను. నా నడుం అరిగిపోయింది. మానేసి అవనిగడ్డ దగ్గర మా ఊరొచ్చేశాను. మా ఆయన బకెట్టు నీళ్లు ఎత్తమంటేనే పంచాంగం చూస్తాడు, ఇంక నన్నేం తిప్పుతాడు?

మొన్న రాత్రి అలసిపోయి వెల్లకిలా పడుకున్నాను. మధ్యలో మెలకువ వచ్చింది. కదలలేకపోయాను. వేలు కూడా లేవలేదు, మా ఆయన్ని పిలవడానికి నోరూ రాలేదు. తెల్లారేదాకా అలాగే, కళ్లు తెరుచుకుని... ఎవరూ రాలేదు. నన్నెవరూ తిప్పలేదు.

వెలుగు వచ్చాక లేచి, నడుం కింద తడిమి చూసుకున్నాను. మంటగా ఉంది. రూపాయి బిళ్లంత.

మంచం పక్క సున్నం గోడ మీద పెన్నుతో గీసిన గళ్లున్నాయి. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు.

అన్నింట్లోనూ టిక్కులే. అవి అప్పయ్య చార్టులో నేను పెట్టిన టిక్కుల్లాగే ఉన్నాయి.