అత్తమ్మ దాచిన రంగు

ఆ ఆదివారం పొద్దున యశోద చాయ్ మరిగేలోగా అల్మారాలోంచి మిషన్ తీసి కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయే తెల్లటి డబ్బా అది. అత్త యాదవ్వకు మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ తీసిన హైదరాబాద్ ఆస్పత్రివాళ్లు, దూరం నుంచి వచ్చే పేషెంట్లు కొందరికి ఇంట్లో వాడి చూడమని ఇచ్చారు. మూత్రంలో సన్నటి పట్టీ ఒకటి ముంచి దాని నోట్లో పెడితే, కంటికి ఆనని నెత్తురు ఉన్నా చిన్న తెర మీద చూపిస్తుంది. వారానికోసారి చూడాలి. నెత్తురు కనబడితే వెంటనే ఫోన్ చేసి రావాలి. ఏమీ కనబడకపోయినా మూడు నెలలకోసారి వచ్చి లోపల కెమెరాతో చూపించుకోవడం మాత్రం తప్పదని, ఈ మిషన్ దానికి బదులు కాదని డాక్టర్ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు.

యాదవ్వ ఆ పట్టీని 'పుల్ల' అనేది. మొదట్లో ఆమెకు ఇదంతా చావొచ్చినంత సిగ్గు. కప్పును కొంగు చాటున దాచుకుని, ఎవరింట్లోనో దొంగతనం చేసి వస్తున్నట్టు గోడవారన నడిచి వచ్చేది. యశోద నవ్వి, కూతురు సహస్ర పుట్టినప్పుడు తన బట్టలన్నీ నెలరోజులు ఎవరు ఉతికారని అడిగింది. ఆ తర్వాత యాదవ్వ కప్పును కొంగు చాటున దాచడం మానేసింది.

అసలు జబ్బును పసిగట్టింది కూడా యశోదే. నెత్తురు పడుతుంటే ఆడవాళ్ల బాధేలే అనుకుని యాదవ్వ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. బట్టలు నానబెడుతూ యశోద మరకలు చూసి, వద్దంటున్నా వినకుండా దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టర్, యాదవ్వ కొడుకు పరమేశ్ వైపు తిరిగి ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగితే, యాదవ్వ కొంగు సర్దుకుంటూ, "నేనే తాగుత సారూ, చుట్ట. మా కుల్చారంల ఉన్నప్పటి సంది అలవాటు" అంది. ఆ రోజే చుట్ట మానేసింది. మానేసినందుకు ఇంట్లోవాళ్లందరి మీదా కొన్నాళ్లు కోపంగా ఉంది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. పరమేశ్ మెదక్ డిపోలో కండక్టర్. బస్సులన్నీ డిపోలోనే ఉండిపోయాయి. యశోద పాఠాలు చెప్పే ప్రైవేటు బడి కూడా మూతపడింది. పరమేశ్ తెల్లారగానే రాందాస్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి, గొంతు పోయి, ఎండకు నల్లబడి ఇంటికి వచ్చేవాడు. యాదవ్వకు కెమెరా పరీక్ష చేయించాల్సిన తారీఖు సరిగ్గా ఆ గడబిడలోనే వచ్చింది. ఎవరిదైనా కారు మాట్లాడతానని పరమేశ్ అన్నాడు. యాదవ్వే వద్దంది. మిషన్ మంచిగానే చూపిస్తున్నది కదా, సమ్మె అయినంక నీ బస్సులోనే పోదాం అంది. వారం వారం తెర మీద ఏమీ కనబడటం లేదు కాబట్టి కొడుకూ కోడలూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు యశోదకు లోలోపల కొంచెం గుబులుగానే ఉండేది.

యాదవ్వ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, బతుకమ్మ పండుగకు తెచ్చిన గునుగు పూలు ఎండిపోయి మూలన పడున్నాయంటూ వాటిని ఊడ్చే పనిలో పడింది. యశోద పట్టీ ముంచి మిషన్‌లో పెట్టింది. ఏమీ లేదు. ఎప్పటిలాగే ఆమె గుండెల్లోంచి బరువు దిగిపోయింది. "అత్తమ్మా, సాఫ్ ఉన్నది" అని నవ్వుతూ చెప్పింది. యాదవ్వ కూడా నవ్వింది.

కప్పు పారబోయడానికి ఎత్తినప్పుడు అది చల్లగా తగిలింది. పొద్దుటి చలికి చల్లారిందేమో అనుకుంటూ నాలుగడుగులు వేసింది. మోరీ దగ్గర వంచితే నీళ్లు పోయాయి కానీ కప్పు అడుగున పచ్చటి పొడి అంటుకుని మిగిలింది. యశోద వేలితో తీసి వాసన చూసింది. పసుపు.

ఆమె కప్పు పట్టుకునే లోపలికి వచ్చి అత్త ముందు నిలబడింది. యాదవ్వ చీపురు చేతిలోంచి జారవిడిచి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎన్ని వారాల సంది అత్తమ్మా?"

పండుగ ముందు నుంచి అని నేల చూస్తూ చెప్పింది యాదవ్వ. అప్పుడొకసారి కంటికే ఎర్రగా కనబడిందట. తర్వాత తగ్గిందట, మళ్లీ వచ్చిందట. ఇంట్లో పసిపిల్ల ఉందని, గోడలకు చెవులుంటాయని కూడా చూడకుండా యశోద గొంతు లేచింది. బడిలో పిల్లలను కూడా ఎన్నడూ అంత గట్టిగా కోప్పడలేదు.

"నీకోసం నేను ప్రతి వారం గుండె పట్టుకుని కూసుంటే, నువ్వు నాకు పసుపునీళ్లు ఇచ్చినవా? నా మీద గింత నమ్మకం లేదా నీకు?"

అదే సమయానికి శిబిరంలో వేసుకునే గులాబీ కండువా మరచిపోయానని పరమేశ్ వెనక్కి వచ్చాడు. గుమ్మంలోనే సంగతంతా విన్నాడు. భయం వేసినప్పుడు మనుషులు ఎవరో ఒకరి మీద విరుచుకుపడతారు. తల్లిని ఏమీ అనలేక అతను భార్య మీద పడ్డాడు. రోజూ ఇంట్లోనే ఉంటున్నావు, బడి కూడా లేదు, కళ్లముందు ఇంత జరుగుతుంటే ఏం చూస్తున్నావని అడిగాడు. నీ మీద భరోసాతోనే నేను రోడ్డు మీద కూర్చున్నాను అన్నాడు. యశోద ఆ మాట తనను తాను అప్పటికే అనుకుని ఉంది. ఇప్పుడు మొగుడి నోటి నుంచి వినేసరికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

యాదవ్వ గోడ పట్టుకుని లేచింది.

"పిల్లనెందుకు అంటున్నవురా? దాన్ని ఒక్క మాట అనకు. దాని ముఖం చూసే నేను గిట్ల జేసిన."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఎండాకాలంలో ఒకసారి మిషన్ నెత్తురు చూపించింది. పరుగున హైదరాబాద్ వెళ్తే అది ఇన్ఫెక్షన్ అని మందులిచ్చి పంపారు. ఆ రెండు మూడు రోజులూ యశోద అన్నం ముట్టలేదు. అందరికీ వడ్డించి, తను తిన్నానని చెప్పి, వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చింది. ఎవరూ చూడలేదనుకుంది. యాదవ్వ అన్నీ చూసింది. ఆ తర్వాత ప్రతి వారం మిషన్ తెర వైపు కాకుండా కోడలి ముఖం వైపే చూస్తూ వచ్చింది.

"పుల్ల మంచిగ చూపించిన నాడు నీ ముఖం తెల్లగ విచ్చుకుంటది బిడ్డా. నాకు గదే పండుగ. ఎర్రగ కనబడ్డంక నీకెట్ల చూపియ్యాలె? వీడు చూస్తే జీతం లేక సమ్మెల ఉన్నడు. నువ్వు మళ్ల తిండి బందు పెడ్తవు. సమ్మె అయ్యేదాక జర ఆపుదామనుకున్న. నేనేమన్న చిన్నపిల్లనా, చస్తే చస్త."

ఆ చివరి మాటకు పరమేశ్ ఒక్కసారిగా తల్లి పక్కన కూలబడ్డాడు. కాసేపటికి లేచి, భార్య వైపు చూడలేక, కరుణాకర్‌ను కారు అడిగి వస్తానని బయటికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నిన్ను అనొద్దుండె యశోదా" అన్నాడు. యశోద తల ఊపింది. అప్పటికే ఆమె ఆస్పత్రికి ఫోన్ కలుపుతోంది.

కరుణాకర్ కూడా శిబిరంలో కూర్చునేవాడే, మోటారు విడిభాగాల దుకాణం అతనిది. తనే కారు నడుపుతానన్నాడు. సహస్రను పక్కింటి ఇందిరమ్మకు అప్పగించి బయల్దేరారు. చేగుంట దగ్గర పెద్దరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు, డప్పులు. కరుణాకర్ దిగి చెప్పగానే నలుగురు లేచి కాలుతున్న పొయ్యిని పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒక ముసలామె కిటికీలోంచి చెయ్యి పెట్టి యాదవ్వ తల నిమిరి, ఆకులో పులిహోర పెట్టిచ్చింది. ఆపరేషన్ చేయాల్సి వస్తుందేమో, ఏమీ తినొద్దని ఆస్పత్రివాళ్లు చెప్పారు కాబట్టి యాదవ్వ దాన్ని కోడలి ఒళ్లో పెట్టింది. "నువ్వు తిను. నేను చూస్త" అంది. యశోదకు తినాలని లేదు. అయినా అత్త చూస్తుండగా ముద్ద తర్వాత ముద్ద మింగింది.

ఆ దారిలోనే, తూప్రాన్ దాటాక, యశోదకు ఒక విషయం తెలిసి వచ్చింది. తన ప్రేమ అత్తకు ఎంత ధైర్యమిచ్చిందో తెలియదు కానీ, తన భయం మాత్రం ఆమె మీద మోయలేని బరువై కూర్చుంది. జబ్బు మనిషి తన నొప్పితోపాటు కోడలి కన్నీళ్లను కూడా కాచుకోవలసి వచ్చింది. ఎదుట ఏడవకుండా ఉంటే ప్రేమ, ధైర్యం చెబితే సేవ అనుకుంది తను. వంటింటి తలుపు మూసుకుని తను దాచింది, పసుపు కలిపి అత్త దాచింది. ఇద్దరూ చేసింది ఒకటే పని.

మర్నాడు కెమెరాతో చూస్తే లోపల పెసరగింజంత గడ్డ మళ్లీ లేచి ఉంది. లోతుకు పోలేదు. అప్పటికప్పుడే గీకి తీసేశారు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదని డాక్టర్ పరమేశ్‌తో అన్నాడు. మిషన్‌ను మోసం చేయవచ్చునమ్మా, ఒంటిని చేయలేమని యాదవ్వను మెల్లగా మందలించాడు. యాదవ్వ బుద్ధిగా తల ఊపింది.

సాయంత్రం వార్డులో మంచం పక్కన యశోద స్టూలు మీద కూర్చుంది. యాదవ్వ మత్తు పూర్తిగా దిగి, కళ్లు తెరిచి కోడలినే చూస్తోంది. యశోద ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అత్తమ్మా, నాకు మస్తు భయమైతది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ గూడ సరిగ లేదు. నీ దగ్గరికి వచ్చినంకనే నాకు అమ్మ అంటే ఏందో తెలిసింది. గందుకే ఏడుస్త. నన్ను ఏడ్వనియ్యి. గానీ నా దగ్గర దాయకు."

యాదవ్వ కళ్లలో నీళ్లు నిండాయి. క్యాన్సర్ అని చెప్పిన నాడు గానీ, మొదటి ఆపరేషన్ నాడు గానీ ఎవరూ ఆమె కంట్లో తడి చూడలేదు.

"నాకు గూడ భయమైతది బిడ్డా" అంది. "నీకు చెప్తే నువ్వు బెంగటిల్లుతవని చెప్పలే. మిమ్ములను ఇడిసిపెట్టి పోవుడు నాకిష్టం లేదు."

అంతే, యశోద ఆమె భుజం మీద తల వాల్చింది. ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. పక్క మంచాలవాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు.

చాయ్ గ్లాసులతో వార్డులోకి వచ్చిన పరమేశ్ ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. గ్లాసుల్లో చాయ్ తొణికి చేతి మీద పడింది. డాక్టర్ మళ్లీ వచ్చాడా, ఏమన్నాడని తడబడుతూ అడిగాడు.

యాదవ్వ కోడలి తల మీది నుంచి చెయ్యి తీయకుండానే కొడుకు వైపు చూసింది.

"డాక్టర్ మంచిగనే అన్నడురా. మేము అత్తాకోడండ్లం జర ఏడుస్తున్నం. నువ్వు కొద్దిసేపు బయట కూసో."