మూడింటిదాకా ఢోకా లేదు

"మీ నోటికి మంచి మాటే రాదా?"

గొడుగు మూసీ మూయకుండానే లోపలికొచ్చి నిలదీసింది ఆ అమ్మాయి. అడవి అంచున వాళ్ళ నాన్న నడిపే లాడ్జిలో బుకింగులు, గైడు పని, అన్నీ తనే.

వాతావరణ కేంద్రంలో వాన కొలిచే కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. ఉద్యోగంలో చేరి నెలే అయింది.

"ఏం చేశానండీ?"

"బులెటిన్‌లో 'వారమంతా భారీ వర్షం' అని రాశారుగా! పొద్దున్నుంచీ నాలుగు ఫ్యామిలీలు క్యాన్సిల్. ఈ సెలవులే మాకు సీజను. మీ వాన మా కొంప ముంచేలా ఉంది."

"వాన నాది కాదండీ. నేను కొలుస్తానంతే."

నవ్వు ఆపుకుంటూ ఆమె బల్ల మీది రిజిస్టర్ లాక్కుని చూసింది. పది రోజులుగా వాన మూడింటికి మొదలై ఐదింటికి ఆగిపోతోంది.

"మరి పొద్దున?"

"పొద్దునంతా ఎండేగా."

"ఆ ముక్క రాయడానికి చేతులు రాలేదా మహానుభావా?"

అతను బిక్కమొహం వేశాడు. నిజమే, రాయలేదు.

మర్నాటి నుంచి బులెటిన్‌లో వేళలు కూడా రాశాడు. లాడ్జి గదులు మళ్ళీ నిండాయి. రోజూ పొద్దున ఏడింటికి ఆమె ఫోన్ చేసేది. వాన గురించి ఒక్క నిమిషం, అదీ ఇదీ ఇరవై నిమిషాలు.

ఓ శనివారం "మూడింటిదాకా ఢోకా లేదు" అన్నాడు. పదకొండింటికే ఆకాశం నల్లబడింది. ఆమె టూరిస్టులతో అడవిలో వాగు దగ్గరుంది. ఫోన్ కలవడం లేదు. రెయిన్‌కోట్లు చంకనెట్టుకుని పరుగు తీశాడు. రెండుసార్లు జారిపడ్డాడు.

వాగొడ్డున రేకుల షెడ్డు కింద అందరూ క్షేమంగానే ఉన్నారు. ఆమె గుడ్లురిమింది.

"మూడింటికన్నారు?"

"తప్పయిపోయింది."

"లాడ్జి నుంచి ఎవరినైనా పంపితే పోయేదిగా. మీరే రావాలా?"

"ఇక్కడ నువ్వున్నావని తెలిసి కూర్చోబుద్ధి కాలేదు."

రేకుల మీద వాన దంచుతోంది. ఆమె దగ్గరగా జరిగింది.

"ఏమన్నారు?"

"అదే... మీరున్నారని."

"ఊహూఁ. ముందన్నదే బాగుంది."

రెయిన్‌కోట్లు టూరిస్టులకిచ్చేసి ఇద్దరూ తడిసి ముద్దయి లాడ్జి చేరేసరికి గుమ్మంలో ఆమె నాన్న. కూతురి మొహం చూశాడు, అతని మొహం చూశాడు. తువ్వాలు అందించాడు.

"తల తుడుచుకో బాబూ. భోంచేసి వెళుదువుగాని. అలాగే మీ అమ్మగారి నంబరివ్వు, ఓ మాట మాట్లాడాలి."

"నాన్నా!" అంటూ ఆమె వంటింట్లోకి పారిపోయింది.

అతను మాత్రం నంబరు గడగడా చెప్పేశాడు.